బోరు పడినోడు అదృష్టవంతుడా?

చీనీతోట (నార్పల) | జూన్ 8, రాత్రి 9:12

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఇది వ్యవసాయం ప్రశ్న కాదేమో. అయినా ఇక్కడున్నోళ్ళకే అర్థమవుతుందని ఇక్కడే అడుగుతున్నా.

మాది చీనీ (బత్తాయి) తోట. పాత బోరు ఈ ఎండాకాలం ఆగి ఆగి పోస్తోంది. కాసేపు నీళ్ళు, కాసేపు గాలి. అందుకని మే నెలలో కొత్త బోరు వేయించినాం. బండి సాయంత్రం వచ్చింది. టైర్ల కింద నిమ్మకాయలు, టెంకాయ కొట్టడం అన్నీ అయినాయి. రెండొందల అడుగుల దగ్గర దుమ్ము కొంచెం తడిగా వచ్చింది. డ్రైవరు పిడికెడు తీసి నలిపి చూసి 'వస్తాది సార్' అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ పొడి. నల్ల దుమ్ము, తెల్ల దుమ్ము, మళ్ళీ నల్లది. మూడొందలు దాటినాక అడుగు రేటు మారుతుంది కదా, నాయన మొహం చూసినాను. 'ఇంకో వంద పోనీ' అన్నాడు. ఆ వంద అయినాక ఇంకో వంద. రాడ్లు అయిపోయేదాకా పోయినాం. తెల్లారి చూస్తే చీనీ ఆకులన్నీ దుమ్ము కొట్టుకుని తెల్లగా ఉన్నాయి. నీళ్ళు లేవు.

కొన్నాళ్ళకు గట్టు అవతల మా చిన్నాన్న కొడుకు వేసినాడు. రెండించుల నీళ్ళు. గట్టిగా పిలిస్తే పలికేంత దూరం అంతే. ఊరంతా 'వాడు అదృష్టవంతుడప్పా' అంటోంది. నన్ను ఏమీ అనరు, జాలిగా చూస్తారు. అదింకా కష్టం.

కుళ్ళు లేదని చెప్పను. ఉంది. కానీ నిజంగానే అడుగుతున్నా. వాడి దగ్గర ఉన్నదేంది, నా దగ్గర లేనిదేంది? అదృష్టం అనేది ఒకటి ఉంటాదా? ఇంకో బోరు వేయాలా, వద్దా?

---

గంగమ్మతల్లి_బిడ్డ (ధర్మవరం) | జూన్ 8, రాత్రి 9:40

బోరు వేసే పాయింటు ఎవరు చూసినారు తమ్ముడూ? అసలు విషయం అది రాయకుండా అంతా రాసినావు.

మా దిక్కు ఒక పెద్దాయన ఉన్నాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని పొలంలో నడుస్తాడు. నీళ్ళున్న చోటికి వస్తే ఆ టెంకాయ నిలువునా లేచి నిలబడుతుంది. కళ్ళారా చూసినా. ఆయన చెప్పిన చోట మాకు పడింది, మా బావమరిదికి పడింది. ఇంకో సంగతి, బోరు ఎవరి పేరు మీద మొదలుపెట్టినారు? ఇంట్లో పేరు బలం ఎవరికుందో చూసుకోవాలి. ఇదంతా మూఢనమ్మకం అనేవాళ్ళకు ఒకటే మాట. వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళం అని భూమిలో నీళ్ళ గురించి ఒక అధ్యాయమే రాసినాడు. ఆయనేమన్నా తెలివితక్కువవాడా?

పెద్దాయన నంబరు కింద ఇస్తున్నా. (తొలగించబడింది)

---

నిర్వాహకుడు | జూన్ 8, రాత్రి 9:58

ఎవరి ఫోన్ నంబర్లూ ఇక్కడ పెట్టవద్దు. పైన ఉన్నది తీసేశాం. చర్చ కొనసాగించండి.

---

ముక్కుసూటి (హైదరాబాద్) | జూన్ 8, రాత్రి 10:05

ఆ పెద్దాయన చెప్పిన చోట పడని బోర్లెన్ని? ఎవరన్నా రాసిపెట్టారా? పడినవాడు ఊరంతా తిరిగి చెబుతాడు. పడనివాడు దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. ఆయనకు పేరొచ్చింది ఈ లెక్క మీదే.

---

రాళ్ళసారు (అనంతపురం) | జూన్ 9, ఉదయం 6:30

భూగర్భ జల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. బాబూ చీనీతోటా, నీ ప్రశ్నలో రాయికి సంబంధించిన సగానికి నేను జవాబు చెప్పగలను.

మన జిల్లా కింద ఉన్నది చాలావరకు గ్రానైటు, నైసు రాయి. కోస్తా ఇసుక పొరల్లో ఉన్నట్టు ఎక్కడ గుచ్చితే అక్కడ నీళ్ళుండవు. పైన కొన్ని పదుల అడుగుల దాకా నాసిపోయిన రాయి, మొరం. పాతకాలం బావులన్నీ బతికింది ఆ పొరలోని నీళ్ళ మీదే. దాని కింద గట్టి బండ. బండలో పగుళ్ళుంటేనే నీళ్ళు. ఆ పగులు వేలెడు వెడల్పు కూడా ఉండకపోవచ్చు. మనం వేసే బోరు ఆరున్నర అంగుళాలు. అది పగుల్ని కోసుకుంటూ పోతే నీళ్ళు, పక్కనుంచి పోతే దుమ్ము. లోతుకు పోయేకొద్దీ పై బరువుకు పగుళ్ళు బిగుసుకుంటాయి కాబట్టి మూడు నాలుగొందల అడుగుల తర్వాత దొరికే అవకాశం తగ్గుతూ వస్తుంది, అడుగు రేటు మాత్రం పెరుగుతూ పోతుంది. 'ఇంకో వంద' అన్న ఆ మాట దగ్గరే రాయలసీమలో ఎన్నో ఇళ్ళ బంగారం కరిగిపోయింది. మీ నాయనను తప్పుపట్టడం లేదు, రాత్రిపూట బండి ఆగి డ్రైవరు మన మొహం చూస్తుంటే 'ఆపు' అనడానికి చాలా గుండె ధైర్యం కావాలి.

ఇంకొకటి. మన గ్రానైటును అడ్డంగా కోసుకుంటూ నల్లరాతి గోడలు పోతుంటాయి, డోలరైటు డైకులంటారు. పొలంలో నల్ల గుండ్లు ఒకే వరసలో తేలి కనిపిస్తే కింద డైకు ఉందేమోనని అనుమానించాలి. భూమిలో మెల్లగా జరిగే నీటికి అది అడ్డుకట్ట కావచ్చు. అప్పుడు ఎగువన నీళ్ళు నిలబడతాయి, దిగువన ఎండిపోతుంది. పొలం చూడకుండా తేల్చి చెప్పలేను గానీ, గట్టుకు ఇవతల దుమ్ము, అవతల రెండించులు అంటే నాకు ముందుగా తోచేది అదే.

వరాహమిహిరుడి గురించి: ఆయన చెప్పినవాటిలో చాలా భాగం చెట్లు, పుట్టలు. నేరేడు చెట్టుకు ఏ పక్కన పుట్టుంటే ఏ పక్కన నీళ్ళు అనే తరహా. తడి ఉన్న చోట పెరిగే చెట్లను, చెదపురుగుల్ని గమనించి రాసిన మాటలవి. టెంకాయ లేవడం వేరే సంగతి.

---

గంగమ్మతల్లి_బిడ్డ | జూన్ 9, ఉదయం 8:15

సారూ, మీ మిషను పెట్టి చూసిన పాయింట్లు కూడా ఫెయిలవుతున్నాయి కదా. మా ఊర్లో వైర్లు గుచ్చి, మీటరు పెట్టి, కాగితం మీద గీతలు గీసి ఇచ్చిన చోట చుక్క రాలేదు. మరి దాన్నేమంటారు? మాది నమ్మకం, మీది సైన్సు, ఇద్దరికీ కావాల్సింది అదృష్టమే. తమ్ముడూ, అధైర్యపడొద్దు. వరసగా పోయినాయంటే ఈసారి తగలక తప్పదు.

---

రాళ్ళసారు | జూన్ 9, మధ్యాహ్నం 2:20

మిషను ఫెయిలయ్యే మాట నిజం. రెసిస్టివిటీ మీటరు నీళ్ళను చూపించదు. భూమిలోకి కరెంటు పంపి, ఏ లోతులో రాయి ఎంత అడ్డుపడుతోందో చెబుతుంది, అంతే. నాసిరాయి ఎక్కడ మందంగా ఉందో, పగుళ్ళున్న సూచన ఎక్కడుందో దాన్నిబట్టి అంచనా కడతాం. ఆ అంచనా తప్పొచ్చు. తేడా ఏమిటంటే తప్పిన లెక్క కూడా మా రిజిస్టర్లో ఉంటుంది.

టెంకాయలు, పుల్లలు పట్టుకుని చూసేవాళ్ళను పరీక్షించిన సందర్భం ఒకటుంది. 1987-88లో జర్మనీలో, మ్యూనిక్ దగ్గర. రెండంతస్తుల కొట్టం. కింద అంతస్తులో నీటి పైపును బండి మీద అటూ ఇటూ జరిపేవాళ్ళు. పై అంతస్తులో నీళ్ళు చూసేవాడు నడుస్తూ పైపు ఎక్కడుందో చెప్పాలి. సుమారు 500 మందిలోంచి 43 మందిని ఏరి 843 సార్లు చేయించారు. చేయించినవాళ్ళు కొందరికి నిజంగా విద్య ఉందన్నారు. ఎన్‌రైట్ అనే అమెరికా శాస్త్రవేత్త అవే లెక్కలు తీసుకుని, గుడ్డిగా చెప్పినదానికంటే ఇందులో మెరుగు ఏమీ లేదని తేల్చాడు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

ఇక 'ఈసారి తగలక తప్పదు' అన్న మాటకు. అది ఒక్కటి మాత్రం దయచేసి ఎవరికీ చెప్పకండి. ఊరికే ఒక లెక్క చేద్దాం. మూడు బోర్లకు ఒకటి పడే ఊరనుకోండి. వందమంది రైతులు తలా మూడు వేస్తే అందులో ముప్పై మందికి మూడూ పోతాయి. ఆ ముప్పై మందీ పాపం చేయలేదు, వాళ్ళ పేర్లకు బలం తక్కువా కాదు. లెక్క అలాగే వస్తుంది. నాలుగోది తగలాలని భూమికి బాకీ ఏమీ లేదు. ఒకే పొలంలో అయితే ఇంకా కష్టం. ఇంతకుముందు పోయినవి ఆ రాయి స్వభావాన్ని చెబుతున్నాయి. వరసగా పోయాయంటే అవకాశం పెరిగిందని కాదు, తగ్గిందని అనుకోవాలి.

---

తుగ్గలోడు (తుగ్గలి) | జూన్ 9, సాయంత్రం 5:45

అదృష్టం గురించి మాట్లాడుతూ మా ఊరిని మరిచిపోతే ఎట్లప్పా?

తొలకరి పడిందంటే చాలు. జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి, మా తుగ్గలి, ఎక్కడ చూసినా నడుం వంచుకుని నేల చూస్తూ నడిచే మనుషులే. అనంతపురం నుంచి, ప్రకాశం నుంచి, బళ్ళారి నుంచి కూడా వస్తారు. సద్ది కట్టుకుని, గుళ్ళల్లో చెట్ల కింద పడుకుని రోజులకు రోజులు వజ్రాలు వెతుకుతారు. వజ్రకరూరు దిక్కు భూమిలో వజ్రాలుండే కింబర్లైటు రాతి గొట్టాలున్నాయి, 110 కోట్ల ఏళ్ళ నాటివని చెబుతారు. అవి అరిగి, వాగుల్లో కొట్టుకొచ్చి, చేలల్లో కలిసిపోయిన రాళ్ళు వాన పడినప్పుడు పైకి తేలతాయి. ఏటా ఎవరికో ఒకరికి దొరుకుతుంది. మరుసటి రోజు పేపర్లో వస్తుంది. ఆ మరుసటి రోజు చేలో జనం రెట్టింపు. విత్తనం మొలక తొక్కేస్తున్నారని రైతులు మా చేలోకి రావద్దని బోర్డులు కూడా పెట్టుకుంటున్నారు.

నేను చూసినదాంట్లో ఒక సంగతి చెబుతా. రాయి దొరికేది ఎక్కువగా కూలికి పోయినోళ్ళకే. కలుపు తీసేటప్పుడో, గుంటక తోలేటప్పుడో. దొరికిన రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్రుండదు, ఆనందంతో కాదు, భయంతో. పొలం ఆసామి నాది అంటాడేమో, దొంగలొస్తారేమో, పోలీసులు అడుగుతారేమో. తెల్లారేలోపు వ్యాపారికి అమ్మేస్తారు. అసలు ఎంత చేస్తుందో తెలుసుకునేదాకా ఆగలేరు, ఆగితే ఏమవుతుందో తెలియదు కాబట్టి. వ్యాపారి ఆగగలడు. రాయి ఎప్పుడూ వెతకనోడు, ఎండలో ఒక్క పూట వంగనోడు, కొట్టు అరుగు మీద కూర్చున్నోడు ఆ ఆగడం మీదే బాగుపడ్డాడు. ఇప్పుడు చెప్పండి, అదృష్టవంతుడు ఎవరు?

---

ముక్కుసూటి | జూన్ 9, సాయంత్రం 6:02

తుగ్గలోడన్నా, ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన మంచి పోస్టు ఇదే. చీనీతోట గారూ, ఒక ప్రశ్న. మీ చిన్నాన్న కొడుకు ఇంతకుముందు వేసినవన్నీ పడ్డాయా?

---

చీనీతోట | జూన్ 9, రాత్రి 9:30

లేదన్నా. మీరు అడిగినాక కూర్చుని గుర్తు తెచ్చుకున్నా. వాడివి మాకంటే ఎక్కువే పోయినాయి. మా ఊరి చేలల్లో మూతలు పెట్టిన పైపులు కనిపిస్తాయే, అందులో వాడివి చానా ఉన్నాయి. కానీ వాడి బామ్మర్ది బెంగళూరులో ఉద్యోగం. వడ్డీ లేకుండా డబ్బు పంపిస్తాడు. మాకు నూటికి రెండు రూపాయల వడ్డీ. వాడు ఒకటి పోతే మరుసటి నెల ఇంకొకటి వేస్తాడు. మేము ఒకటి పోతే రెండేళ్ళు ఆగాలి, ఈలోపు చెట్లు ఆగవు.

అంటే వాడికి నీళ్ళు పడడం ఒకటే కాదు కదా. పడేదాకా వేయగలిగినాడు. ఊర్లో ఎవరూ ఈ మాట అనడం లేదు. నాకూ ఇన్నాళ్ళు తట్టలేదు.

---

కదిరిమల్లె (కదిరి) | జూన్ 9, రాత్రి 10:50

అందరూ రాళ్ళ గురించి, రేట్ల గురించి రాశారు. గంగమ్మతల్లి బిడ్డ గారు 'పేరు బలం' అన్నారు కదా, దాని గురించి నేను రాస్తా.

మా ఇంట్లో బోరు నా పేరు మీద మొదలుపెట్టారు. అప్పటికి నాకు పెళ్ళై ఏడాది కూడా కాలేదు. 'కొత్త కోడలు, లక్ష్మీదేవి' అని మా అత్తే బండి ముందు నా చేత టెంకాయ కొట్టించింది. నా చైను కుదువ పెట్టి తెచ్చిన డబ్బే అది. నీళ్ళు పడలేదు. తెల్లారి బండి వెళ్ళిపోయాక పెరట్లో అంట్లు తోముతుంటే వెనక నుంచి వినిపించింది, 'కాలు పెట్టిన వేళ అట్లుంది' అని. ఎవరన్నారో చూడడానికి వెనక్కి తిరగలేదు.

రెండేళ్ళ తర్వాత వేసిన బోరు పడింది. అది మా ఆయన పేరు మీద. అప్పుడు మా అత్త అందరికీ చెప్పింది, 'నా కొడుకు జాతకం అట్లాంటిది' అని. ఆ డబ్బు కూడా నా డ్వాక్రా లోనుదే.

పోతే ఆడదాని వేళ, పడితే మగవాడి జాతకం. ఊర్లో భర్త లేని ఆడవాళ్ళను బోరు బండి దగ్గరికి రానివ్వరు, తమ సొంత పొలమైనా సరే. అదృష్టం ఏమిటో నాకు తెలియదు గానీ, అది ఎవరి ఖాతాలో రాయాలో ముందే తేల్చుకుని ఉంటారు జనం. రాళ్ళసారు చెప్పిన డైకు సంగతి మా అత్తకు చదివి వినిపించాలని ఉంది. వినదనుకోండి.

---

గంగమ్మతల్లి_బిడ్డ | జూన్ 10, ఉదయం 7:20

అక్కా, మీ బాధ నాకర్థమైంది. పేరు బలం అన్నది ఎవర్నీ నిందించడానికి కాదు. అయినా మీరన్నట్టు మా ఇళ్ళల్లోనూ ఆ మాటలున్నాయి, కాదనను. నేను నమ్మేది ఎందుకో చెబుతా. అంత డబ్బు భూమిలో పోస్తున్నప్పుడు ఏదో ఒకటి పట్టుకోవాలి. సారు మీటరు పట్టుకుంటారు, మేము టెంకాయ పట్టుకుంటాం.

---

పాలమూరోడు (మహబూబ్‌నగర్ జిల్లా) | జూన్ 10, ఉదయం 11:35

అన్నలార, మా దిక్కు ముచ్చట కూడా వినుండ్రి.

మా నాయన బొంబాయిల మట్టి పని చేసి పైసలు తెచ్చి బోరు ఏసిండు. నీళ్ళు పడ్డయి. మస్తు సంబురం. వరి పెట్టినం. మరుసటి ఏడు పక్కపొలం ఆయన మాకంటే లోతు ఏసిండు. మా బోరు ఎండింది. ఆయనను ఊరోళ్ళు 'నసీబు ఉన్నోడు' అన్నరు. మూడో ఏడు ఆయన పక్కాయన ఇంకా లోతు ఏసిండు. గంతే, ఈయనది కూడ ఎండింది. గిప్పుడు ముగ్గురి బోర్లల్ల నీళ్ళు లెవ్వు, ముగ్గురికీ అప్పులున్నయి.

మాకు 2018 జనవరి 1 నుంచి కరెంటు ఇరవై నాలుగు గంటలు ఫ్రీగ ఇచ్చిండ్రు. మంచిదే, రాత్రిపూట పాముల నడుమ మోటరు పెట్టుటానికి పోయే బాధ తప్పింది. కానీ ఆటోస్టార్టర్లు పెట్టి రాత్రింబవళ్ళు తోడినోళ్ళు తోడిండ్రు. ఆఖరికి అవి తీసేయుండ్రని సర్కారే చెప్పవలసొచ్చింది. భూమిల నీళ్ళు పెరగకుంట తోడుడు ఒక్కటే పెరిగితే ఏమైతది?

అందుకే నేను అడుగుతున్న. నీ నీళ్ళు నీ అదృష్టమా, పక్కోని నీళ్ళు నువ్వు గుంజుకున్నవా? మీ చిన్నాన్న కొడుకు రెండించులు తోడుతుంటే మీ పాత బోరు ఏం చేస్తున్నది, చూసినవా తమ్మీ?

---

చీనీతోట | జూన్ 10, మధ్యాహ్నం 1:10

చూసినా అన్నా. ఇంకా తగ్గింది. కారణం అదో కాదో తెలియదు, ఎండలు కూడా అట్లనే ఉన్నాయి. ఇంట్లో ఈ మాట ఇంకా ఎవరితో అనలేదు. అంటే గొడవే.

---

డల్లాస్_సీమోడు | జూన్ 10, రాత్రి 11:55 (ఇక్కడ మధ్యాహ్నం)

బోరు గురించి కాదు, అయినా తుగ్గలోడన్న చెప్పిన 'ఆగగలడం' చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

హెచ్‌వన్‌బీ వీసాలు ఏడాదికి 85,000. లాటరీ తీస్తారు. 2023 మార్చిలో దరఖాస్తులు ఏడున్నర లక్షలు దాటాయి. అందులో నాలుగు లక్షలకు పైగా ఒకే మనిషి పేరు మీద ఒకటికంటే ఎక్కువ కంపెనీలు వేసినవి. నాది ఒక్కటే దరఖాస్తు, రాలేదు. మా రూమ్మేటుకు చాలా కంపెనీల చేత వేయించారు, వచ్చింది. అందరూ కలిసి పార్టీ చేసుకున్నాం, వాడి భుజం తట్టి 'లక్కీ ఫెలో' అన్నాం. ఆ రాత్రి ఎవరూ అడగలేదు, నీ పేరు డబ్బాలో ఎన్నిసార్లు వేశార్రా అని. 2024లో ఎంతమంది వేసినా మనిషికి ఒక్కసారే లెక్క అని నిబంధన మార్చారు. ఆ ఏడాది నాకు వచ్చింది.

మా ఊర్లో నేను అదృష్టవంతుణ్ణి. చిలుకూరు వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు చేయబట్టే వచ్చిందని మా అమ్మ నమ్మకం. కోరిక తీరాక చేయాల్సిన 108 చుట్లు నేను వచ్చి పూర్తి చేయాలని కూడా. చేస్తాను, అమ్మ కోసం. కానీ మొదటి ఏడాది రాకపోయినా నేను ఇక్కడ ఆగగలిగాను, స్టెమ్ (సైన్సు, ఇంజనీరింగు లాంటి) చదువు కాబట్టి పనిచేసుకునే గడువు ఇంకా మిగిలి ఉంది. గడువు అయిపోయిన నా క్లాస్‌మేటు అప్పులతో ఇంటికి వెళ్ళాడు. చదువులో నాకంటే బాగానే ఉండేవాడు.

---

ముక్కుసూటి | జూన్ 11, ఉదయం 7:05

డబ్బాలో పేరు ఎన్నిసార్లు పడింది, పోయినా మళ్ళీ వేసే స్తోమత ఉందా, దొరికాక ఆగగలడా. ఇవి మూడూ తీసేస్తే మిగిలేదే అసలు అదృష్టం. అది ఉండదనను. మిగిలేది మనం అనుకున్నంత ఉండదు.

---

గుర్రంకొండ_టమాటా | జూన్ 11, ఉదయం 9:18

ముక్కుసూటి గారూ, అంత తేలిగ్గా తీసేయకండి. 2023 జూలై గుర్తుందా? మదనపల్లె మార్కెట్లో కిలో వంద దాటి, నెలాఖరుకు రెండొందల దగ్గరికి పోయింది. ఆ నెలలో కాయ చేతిలో ఉన్నోడు కోటీశ్వరుడు. అదే విత్తనం, అదే ఎరువు, మూడు వారాలు ఆలస్యంగా నాటినోడికి పడిపోయిన రేటు. సెప్టెంబరుకు రోడ్డు పక్కన పారబోసినారు. అందులో ఎవడి తెలివి ఉంది, ఎవడి స్తోమత ఉంది? మా మామ ఆ జూలైలో బాగుపడినాడు. ఎందుకంటే ముందే నాటాల్సింది, నారు దొరక్క కొంచెం ఆగి నాటినాడు. ఆ డబ్బు చూసి మరుసటి పంటకు కౌలు భూమి కూడా తీసుకుని అంతా టమాటా పెట్టినాడు. తర్వాత సంగతి రాయను.

---

గట్టవతలోడు (నార్పల) | జూన్ 11, రాత్రి 8:44

నమస్కారం. ఇందులో ఇప్పుడే చేరినా. చీనీతోట వాళ్ళ చిన్నాన్న కొడుకును నేనే. మా బామ్మర్ది ఇది చూసి లింకు పంపినాడు. 'నీ గురించే రాస్తున్నట్టున్నారు' అని.

అన్నా, కోపం లేదు. రాసింది అబద్ధం కూడా కాదు. బామ్మర్ది డబ్బు లేకుంటే ఈ బోరు లేదు. కానీ ఆ డబ్బుకు వడ్డీ లేదని ఎవరన్నారు? పండక్కి పోయిన ప్రతిసారీ వాళ్ళింట్లో మా ఆవిడ తల దించుకుని కూర్చుంటుంది. ఆ వడ్డీ నూటికి ఎంతో నువ్వే లెక్క కట్టు.

ఇంకా ఊరు. బోరు పడిన రోజు రేకు పెట్టి కొలిచి రెండించులు అన్నారు. మరుసటి రోజు నుంచి టీ కొట్టు దగ్గర కూడా నా డబ్బులు నేను ఇచ్చుకునే అవకాశం లేదు, అందరి టీ డబ్బులూ నేనే ఇయ్యాల. దిష్టికి గుమ్మడికాయ కట్టినాం. మోటరు దింపినాక మొదటి వారం పోసినంత ఇప్పుడు పోయడం లేదు, అది నీకు తెలియదు. రోజూ పొద్దున స్విచ్చి వేసి పైపు దగ్గర నిలబడతా. నీళ్ళు వచ్చేదాకా ఉండే టెన్షన్ బోరు లేనప్పుడు లేదు. దానిమ్మ నాటినా, దానిమీద లోను ఉంది.

నీ పాత బోరు తగ్గిందని నాకు ఇక్కడ చదివితే తెలిసింది. ఇంటికి వచ్చి చెప్పొచ్చు కదా. గట్టు గొడవ మన నాయనల మధ్యది.

---

కదిరిమల్లె | జూన్ 11, రాత్రి 9:02

ఇద్దరూ పక్కపక్క పొలాల్లో ఉండి ఇంటర్నెట్‌లో మాట్లాడుకుంటున్నారు. బాగుంది.

---

రాళ్ళసారు | జూన్ 12, ఉదయం 6:10

ఇద్దరూ ఉన్నారు కాబట్టి ఒక మాట.

మన ఉమ్మడి రాష్ట్రంలో 2000 దశకంలో ఒక పని జరిగింది. ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భ జల నిర్వహణ పథకం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఏడు కరవు జిల్లాల్లో. వాన ఎంత పడిందో రైతులే కొలిచేవాళ్ళు, బోర్లలో నీటిమట్టం రైతులే కొలిచేవాళ్ళు. రబీకి ముందు ఊరంతా కూర్చుని భూమిలో ఎన్ని నీళ్ళున్నాయి, ఏ పంట వేస్తే ఎన్ని అవసరం అని గోడ మీద లెక్క రాసేవాళ్ళు. ఎవరికీ వరి వేయొద్దని ఆజ్ఞ లేదు. లెక్క చూసి వాళ్ళే తగ్గించుకున్న ఊళ్ళున్నాయి. సరైన ఇంగ్లీషు రాని రైతు నీటిమట్టం టేపు పట్టుకుని నాకు పాఠం చెప్పాడు, మా శాఖలో అంత శ్రద్ధగా కొలిచినవాళ్ళు తక్కువ.

మన జిల్లాలోనే వాసన్ లాంటి స్వచ్ఛంద సంస్థల సాయంతో కొన్ని ఊళ్ళలో బోర్లున్న రైతులు, లేని రైతులు కలిసి భూమిలో పైపులైన్లు వేసుకున్నారు. ఒప్పందం సులువైనది. కొత్త బోరు ఎవరూ వేయరు. ఉన్న బోర్ల నీళ్ళు అందరి పొలాలకూ కనీసం ఒక తడి ఇవ్వడానికి వాడతారు. బోరున్నవాడికి లాభమేమిటంటే, తనది ఎండిపోతే పక్కవాడి నుంచి వస్తాయి, పైగా తన పక్కనే ఎవడూ కొత్తది వేసి తన నీళ్ళు గుంజడు. అన్ని చోట్లా నిలబడలేదు. మనుషుల మధ్య పడనిచోట పైపు పగిలింది, ఎవరు పగలగొట్టారో తేలలేదు.

చీనీతోటా, ఇంకో బోరు వేసే ముందు నీ పాత బోరులో నీటిమట్టం, అతని బోరులో నీటిమట్టం ఒక వారం రోజూ కొలవండి. అతను మోటరు వేసినప్పుడు నీది దిగిందా? దిగితే మీ ఇద్దరివీ ఒకే పగులు నీళ్ళు. అప్పుడు కొత్త బోరు వేసి నువ్వు సాధించేది ఏమీ ఉండదు, అతనివే తోడతావు. దిగకపోతే డైకు అనుమానం బలపడుతుంది. కొత్త బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కూడా తీసుకోవాలి, 2002 నుంచి ఉంది, ఎవరూ పట్టించుకోరు.

మరిచాను. ఫెయిలైన బోరు నోటికి మూత బిగించావా? ఊరికే గోనెసంచి కప్పి వదలొద్దు. పిల్లలు పడకుండా ఏం చేయాలో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అడుగు నుంచి పైదాకా మట్టి, రాళ్ళతో పూడ్చేయడమే మంచిది.

---

చీనీతోట | జూన్ 12, రాత్రి 9:50

పూడ్చినాం సార్, ఈ రోజే.

పొద్దున వాడింటికి పోయినా. నాయనకు చెప్పలేదు. టేపు వాడి దగ్గర ఉంది, రేపటి నుంచి కొలుస్తాం. వాడు ఒకటి ముందే చెప్పినాడు. పగలు తొమ్మిది గంటల కరెంటులో వాడి దానిమ్మకు తడి అయినాకే వాడి బోరు నీళ్ళు మాకు, అదీ ఆగస్టు దాకా, వానలు పడితే తర్వాత మాట్లాడుకుందాం అని. సరే అన్నాను. పైపు ఖర్చు నాది, కరెంటు మోటరు రిపేరు సగం సగం. ఇది చీనీకి సరిపోతుందా అంటే సరిపోదు. చెట్టుకు ఇన్ని చొప్పున బతికించుకోవాలి.

---

పాలమూరోడు | జూన్ 12, రాత్రి 10:15

కాగితం మీద రాసుకోండ్రి తమ్మీ. స్టాంపు పేపరు అక్కర్లే, తెల్ల కాగితమైనా సరే, ఇద్దరి సంతకాలుండాలె. ఆగస్టు అంటే ఆగస్టు ఒకటా, ముప్పై ఒకటా అని కూడ రాయుండ్రి. మా నాయన, పక్కపొలం ఆయన మాట మీద పోయిండ్రు, ఆఖరికి ఠాణాల తేలింది.

---

గట్టవతలోడు | జూన్ 12, రాత్రి 10:31

ముప్పై ఒకటి.

---

గుర్రంకొండ_టమాటా | జూన్ 12, రాత్రి 10:40

గట్టు దాటేచోట పైపు ఒకటిన్నర అడుగు లోతున వేయండి, లేకుంటే ట్రాక్టరు తిరిగితే పగులుతుంది. రెండున్నర అంగుళాల పీవీసీ చాలు. డ్రిప్పు ఉంటే ఫిల్టరు మీ వైపు పెట్టుకోండి, వాళ్ళ వైపు పెడితే కడిగేది ఎవరని గొడవ.